బట్టీ కాడ రేటు

పోయిన నెల మా పెదనాన్న నరసరావుపేటలో ఉన్న నా కంప్యూటర్ కొట్టుకి ఒక మూట పట్టుకొని వచ్చాడు. లారీ మీద కప్పే బరకంలోంచి కోసిన ముక్క, దాని చుట్టూ నైలాన్ తాడు, తాడుకి ముడి మీద ముడి. పిడుగురాళ్లలో ఆయన సున్నం బట్టీ అమ్మేశాడు. కొన్నవాళ్లకి ఆఫీసు గది ఖాళీ చేసి ఇస్తుంటే ఇనప బీరువా వెనక ఈ మూట దొరికిందట. కత్తెరతో కోద్దామంటే ఒప్పుకోలేదు, తాడు పాడైపోతుందన్నాడు. బట్టీ మొత్తం అమ్మేసిన మనిషికి మూరెడు తాడు మీద ఇంత మమకారమేమిటని నేను అడగలేదు. గోళ్లతో ముడులు విప్పుతూ కూర్చున్నాను. లోపల ఉన్నది ఒక గ్రాఫిక్స్ కార్డు. నేను పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఇంటిల్లిపాదినీ కొన్నాళ్లు ఆడించి, ఆ తరవాత చడీచప్పుడూ లేకుండా చచ్చిపోయిన కార్డు.

"దీనికిప్పుడు ఎంతొచ్చిద్దిరా?" అన్నాడు పెదనాన్న.

"ఏం రాదు పెదనాన్నా. ఇది పోయింది గదా."

"పోతే? కంప్యూటర్ సామాను రేట్లు పైపైకి పోతున్నయ్యని టీవీలో రోజూ చెబుతున్నారు. పెరిగే సరుకు పోయినా ఎంతో కొంత చేసిద్ది."

కార్డుని చేతిలోకి తీసుకున్నాను. ఫ్యాను రెక్కల సందుల్లో పట్టేసిన సున్నం ఇంకా తెల్లగా, గట్టిగా అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇలాంటి చోట పాత జ్ఞాపకాలు పొంగుకొచ్చాయని రాయడం మర్యాద. నాకు తుమ్ము వచ్చింది. జ్ఞాపకాలు ఆ తరవాత తీరుబడిగా వచ్చాయి.

మా ఊరు వెల్దుర్తి వైపు, మెట్ట పొలాల మధ్య. అక్కణ్ణుంచి నరసరావుపేట కాలేజీకి రోజూ తిరగడం కుదరదు కాబట్టి నన్ను పిడుగురాళ్లలో పెదనాన్న ఇంట్లో పెట్టారు. ఇల్లు బట్టీ పక్కనే. పక్కనే అంటే, ఇంటికీ బట్టీకీ ఒకటే గోడ. ఆ ఇంట్లో వేపచెట్టు ఆకులు తెలుపు, ఆరేసిన బట్టలు తెలుపు, గేదె వీపు తెలుపు, పెదనాన్న కనుబొమలు తెలుపు. నేను చేరిన కొత్తలో ఆయనకి చాలా వయసు మీద పడిందనుకొని జాలిపడ్డాను. స్నానం చేసి వచ్చాక చూస్తే మా నాన్నకన్నా కుర్రాడిలా ఉన్నాడు. పొద్దున బొగ్గు పొగ, మధ్యాహ్నం కాలిన రాయి వాసన, సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లితే లేచే సున్నం ఘాటు. వీటన్నిటినీ తోసుకొని వంటింట్లోంచి గోంగూర తాలింపు వాసన వచ్చేది. దీపాలు పెట్టే వేళకి పెద్దమ్మ బెల్లం డబ్బా తీసుకొని గుమ్మంలో నిలబడేది. గొంతులో పడిన దుమ్ము బెల్లంతో దిగిపోతుందని ఆమె నమ్మకం. ఇంట్లోవాళ్లకీ, బట్టీ పనివాళ్లకీ, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషికీ తలా ఒక ముక్క. దుమ్ము దిగేదో లేదో తెలియదు గానీ, వద్దన్నవాళ్లని మాత్రం నేను చూడలేదు.

ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ఆచారం వానది. కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే కుతకుతా ఉడుకుతుంది. లోడు మీద గట్టి వాన పడితే లారీ చెక్కలు అంటుకున్న రోజులు కూడా ఉన్నాయి. అందుకని ఉరుము వినపడగానే ఎవరు ఏ పనిలో ఉన్నా బరకం కోసం పరుగెత్తాలి. అన్నం ముందు కూర్చున్నవాళ్లు ఎంగిలి చేత్తోనే పరుగెత్తేవాళ్లు. ఒకసారి వ్రతం చేయించడానికి వచ్చిన పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి బరకం కొస పట్టుకున్నారు. ఏది కప్పాలి అని ఎవరూ అడగరు. కప్పనిది ఏది కనపడితే దాన్ని కప్పడమే.

ఇక పెదనాన్న వ్యాపారమంతా ఒక్క మాట మీద నడిచేది: బట్టీ కాడ రేటు. కేరళ నుంచో, చెన్నై నుంచో పార్టీలు ఫోన్ చేస్తే ఆయన చెప్పే ధర బట్టీ గేటు దగ్గరి ధర. లోడింగు, బరకం, లారీ కిరాయి, టోలు, దారిలో పడే వాన, అన్నీ కొన్నవాళ్లవే. సరుకు తడిసి పిండైపోయిందని అటునుంచి ఎవరైనా మొత్తుకుంటే, "గేటు దాటినాక నాది కాదయ్యా" అని ఫోన్ పెట్టేసి మజ్జిగ తాగేవాడు. తన సున్నం అక్కడ రెండింతలకి అమ్ముతున్నారని తెలిసినా ఆయనకి కోపం వచ్చేది కాదు. "దూరం పోయేకొద్దీ రేటు పెరగాల. ఏ సరుకైనా బట్టీ కాడ కొన్నోడే మొనగాడు" అనేవాడు. ఈ సిద్ధాంతాన్ని ఆయన కందిపప్పు మీదా, ఎరువుల మీదా, పెళ్లి శుభలేఖల మీదా వాడి చూశాడు. పనిచేసింది. అందువల్లే కంప్యూటర్ మీద కూడా వాడాడు.

కంప్యూటర్ మా అక్కది. అక్క అంటే పెదనాన్న కూతురు సునీత. సివిల్ ఇంజనీరింగ్ చదివింది. కట్టబోయే ఇల్లు కట్టేశాక ఎట్టా కనపడుతుందో ముందే బొమ్మ చేసి ఇవ్వడం నేర్చుకుంది. ఎలివేషన్లు అంటారు. మా పల్నాడులో ఇల్లు కట్టేవాడికి లోపల గదులు ఎన్నున్నా ఒకటే, రోడ్డు మీద పోయేవాడు ఆగి చూడాలి. కాబట్టి ఆ పనికి గిరాకీ ఉంది. కానీ బొమ్మకి రంగులు వేయడం ఒక ఎత్తు, వెలుగూ నీడా పట్టించి ఫొటోలా తయారుచేయడం ఇంకో ఎత్తు. దాన్ని రెండరింగ్ అంటారు. అక్క పాత కంప్యూటర్ ఒక్క బొమ్మకి పొద్దున కూర్చుంటే పెద్దమ్మ బెల్లం పంచే వేళకి లేచేది.

అప్పుడే నూజెండ్ల వైపు ఒక ఊళ్లో మాజీ సర్పంచి ఒకాయన ఇల్లు మొదలుపెట్టబోతూ అక్కకి కబురు చేశాడు. ఆయనకి బొమ్మ కాదు, వీడియో కావాలి. గేటులోంచి లోపలికి నడిచి, మెట్లెక్కి, పైకి పోయి, మేడ మీద నుంచి ఊరంతా చూసినట్టు ఉండాలి. శంకుస్థాపన రోజు పెద్ద తెర కట్టి చూపిస్తాడట. ఎదుటి వర్గం వాళ్లని కూడా భోజనాలకి పిలిచాడు, వాళ్లు చూడాలని. వీడియో అంటే వేల బొమ్మలు వరసగా. పాత కంప్యూటర్‌తో చేస్తే ఆయన మనవడి గృహప్రవేశానికి అందేది. గ్రాఫిక్స్ కార్డు ఒకటి పడితే గానీ కాదని అక్క తేల్చింది.

పెదనాన్న ఆమెకి ఒక షరతు పెట్టాడు. ఈ వీడియో ముహూర్తానికి అందితే ఈ పనే చేసుకోవచ్చు. అందకపోతే బళ్లు తెరిచేనాటికి ఊళ్లో ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాలి. కరస్పాండెంటుకి మాట కూడా ఇచ్చేశాడు. అక్క అడిగింది మరొకటి ఉంది, నరసరావుపేటలో గది.

"పేటలో ఒక గది తీసుకుంటా నాన్నా. అక్కడ పెట్టుకుంటా కంప్యూటర్."

"ఇంట్లో ఇన్ని గదులుండగా పేటలో గదేందే?"

"ఇంట్లో సున్నం."

"ఆ సున్నంలోనే పుట్టి పెరిగావు. నీకేమైంది?"

"నాకేం కాలేదు. నేను మిషన్ని కాదు."

పెదనాన్న నా వైపు చూశాడు, ఇది తెలివైన మాటా పొగరు మాటా తేల్చమన్నట్టు. నేను పళ్లెంలోకి చూశాను.

కార్డు కోసం ముగ్గురం నరసరావుపేట వచ్చాం. ఇప్పుడు నేను కూర్చున్న ఈ కొట్టులోనే అప్పుడు సుభానీ అని ఒకాయన ఉండేవాడు. నింపాది మనిషి. గొంతు పెంచి మాట్లాడాల్సిన అవసరం లోకంలో ఏదీ లేదన్నట్టుండేవాడు. ధర చెప్పాడు. పెదనాన్న డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని బట్టీ యాడుంది?"

"ఏంది పెద్దాయనా?"

"తయారయ్యేది యాడ అంటున్నా."

"తైవాన్, చైనా, ఆ పక్క."

నేను అప్పటికే ఫోన్లో అమెరికా ధర చూసి ఉన్నాను. ఎంత తక్కువో పెదనాన్నకి చెప్పాను. జ్ఞానం పంచితే పెరుగుతుందని మా మాస్టారు చెప్పేవారు. ఇంట్లో గొడవ పెరుగుతుందని చెప్పలేదు.

"ఆడనుంచి అమెరికా దూరమా, మనం దూరమా?" అన్నాడు పెదనాన్న.

"అమెరికానే చానా దూరం."

"దూరంగా ఉన్నోడికి తక్కువకి, దగ్గరున్నోడికి ఎక్కువకి! ఏ బట్టీలో ఉందయ్యా ఈ న్యాయం?"

"ఫోన్లో కనపడేది పన్ను కలపని రేటు పెద్దాయనా. ఇంకా చానా ఉంది కథ. నాకొచ్చిన రేటు మీద నా కడుపుకి ఇంత వేసుకుంటా, అంతే."

"కడుపా అది, సాగరు డ్యామా?"

పెదనాన్న డబ్బా గాజు బల్ల మీద పెట్టి, దొంగ అన్నంత పని చేసి, బయటికి నడిచాడు. అక్క కదల్లేదు. డబ్బా మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. సుభానీ ఆమెని గానీ నన్ను గానీ తొందరపెట్టలేదు. "బాబూ, ఎండ గట్టిగుంది. పెద్దాయన్ని మంచినీళ్లన్నా తాగి పొమ్మను" అన్నాడు. పెదనాన్నకి ఆ మాట చెప్పాను. ఆయన తాగలేదు.

అంతకు ముందు పెదనాన్న లారీ తోలిన కోటేశు అప్పటికి కువైట్లో ఒక షేకు ఇంట్లో కారు డ్రైవరుగా ఉన్నాడు. పెదనాన్న ఫోన్ చేసి ధర కనుక్కోమన్నాడు. కోటేశు కొట్టుకి పోయి, కార్డు ఫొటో తీసి పంపి, రేటు చెప్పాడు. సుభానీ చెప్పినదానికన్నా చాలా తక్కువ. పెదనాన్న మొహం వెలిగింది. ఆ వెంటనే ఒక అనుమానం కూడా వచ్చింది.

"ఒరేయ్ కోటేశూ, అది కువైట్లో చేస్తారా?"

"లేదు బాబాయ్. ఈళ్లు నూనె తీయడం తప్ప ఏం చేస్తారు?"

"మరి బట్టీ లేని చోట చౌక ఎట్టా అయింది?"

ఆ ఎండాకాలం మా ఇంట్లో పుట్టిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది. తన సిద్ధాంతానికి పడిన కన్నం ఆయనే కనిపెట్టాడు. అక్క చెప్పబోయింది కూడా: "అక్కడ మన జీఎస్టీ లాంటిది లేదు నాన్నా. సరుకు కూడా..." ఈలోగా ఆయన ఫోన్లోకి "తెచ్చెయ్ రా" అనేశాడు. కన్నం చూశాడు, బరకం కప్పేశాడు.

"అక్కడ కొంటే, రేపు పోతే ఎవరికి చూపించాలి?" అంది అక్క.

"పోవడమేందే? కొత్తది గదా. నా సున్నం కొన్నోళ్లెవరన్నా ఈ మాట అడిగారా?"

అడిగారు. ఆయన మజ్జిగ తాగేవాడు.

కోటేశు సెలవు మీద వచ్చాడు. ఖర్జూరాలు తెచ్చాడు, ఒక పెద్ద దుప్పటి తెచ్చాడు, దుప్పటి మడతల్లో కార్డు తెచ్చాడు. కస్టమ్స్ వాళ్లు అడుగుతారేమోనని అట్టడబ్బా, బిల్లు అక్కడే పారేశాడు. పారేసి, సున్నం నమూనా మూటకట్టినట్టు పాలిథిన్ కవరు మీద కవరు చుట్టి, టేపు వేసి, తాడు కట్టాడు. "గాలి చొరకుండా తెచ్చా బాబాయ్" అన్నాడు గర్వంగా. ఫ్యానుతో చల్లబడే, గాలి తప్ప వేరే తిండి లేని వస్తువు అది. పెదనాన్న భుజం తట్టాడు. పెద్దమ్మ బెల్లం పెట్టింది.

కార్డు బిగించింది నేనే. పనిచేసింది. ఆ క్షణం నా జీవితాన్ని మలుపు తిప్పిందని రాస్తే ఈ కథకి అందం వచ్చేది. ఏం తిప్పలేదు, సాయంత్రం ఎప్పటిలాగే పునుగులు తిన్నాను. కానీ అక్క మాత్రం మారిపోయింది. రోజంతా పట్టే బొమ్మ స్నానం చేసి వచ్చేసరికి తయారవుతుంటే, ఆమె అన్నం తినడం కూడా కంప్యూటర్ ముందుకే మార్చింది. తెర మీద మాజీ సర్పంచి గేటు లేచింది, మెట్లు లేచాయి, గేటు మీద రెండు సింహాలు కూర్చున్నాయి. పెద్దమ్మ వచ్చి చూసి, "దీనికీ గొంతులో దుమ్ము పడిద్దిగా పాపం" అని పెట్టె మీద ఒక బెల్లం ముక్క పెట్టి పోయింది. చీమలు వచ్చాయి. అక్క వాటిని దులిపేసి పని చేసుకుంది. సంతోషంగా ఉన్నవాళ్లకి చీమలు కుట్టవనుకుంటాను.

ముహూర్తం దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం అక్క కంప్యూటర్‌ని పనిలో పెట్టి, స్థలంలో ఏవో కొలతలు మళ్లీ చూసుకోవడానికి నూజెండ్ల వైపు వెళ్లింది. నేను కాలేజీలో ఉన్నాను. వేసవి గాలివాన వచ్చింది. ముందు గాలి, బట్టీ మీది సున్నమంతా ఇంట్లోకి. తరవాత ఉరుము. ఇక చెప్పేదేముంది, అందరూ పరుగెత్తారు. లారీ కప్పారు, రాశి కప్పారు, బొగ్గు కప్పారు. పెద్దమ్మ లోపలికి వచ్చి చూస్తే కిటికీ తెరిచి ఉంది, జల్లు కొడుతోంది, కప్పనిది ఒకటి కనపడింది. కప్పింది. గాలికి లేచిపోకుండా తాడు కూడా కట్టింది.

సాయంత్రం నేనూ అక్కా ఒకేసారి ఇంటికి చేరాం. బల్ల మీద కంప్యూటర్ ఉండాల్సిన చోట ఒక మూట ఉంది. ఏ చప్పుడూ లేదు. తాడు విప్పి బరకం లాగితే లోపల్నుంచి వేడి ఆవిరి మొహానికి కొట్టింది, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. ఫ్యాను రెక్కల మీద పడ్డ సున్నం చెమ్మకి ముద్దయి, వేడికి గట్టిపడి, ఫ్యానుని పట్టేసింది. తెర నల్లగా ఉంది.

"అమ్మా, ఇది సున్నం కాదే" అంది అక్క.

"వాన పడతంటే కప్పకుండా చూస్తా కూర్చోమంటావా ఏంది?" అంది పెద్దమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అక్క కళ్లలో లేవు. ఆమె ఆ తాడుని చుట్టలు చుడుతూ కూర్చుంది, చుట్టడం అయిపోయాక మళ్లీ విప్పి చుట్టింది. స్కూలు యూనిఫాం చీరల మీదికి జాకెట్లు ఎవరు కుడతారని మాత్రం అడిగింది. ఇంట్లో అంతకన్నా గట్టిగా ఎవరూ ఏడవలేదు.

ఎవరివల్ల పోయిందన్న విచారణ మొదలైంది. పెదనాన్న కోటేశు కట్టిన మూట అన్నాడు. పెద్దమ్మ చీమలు అంది, తన బెల్లం సంగతి మరిచిపోయి. కోటేశు అప్పటికి తిరిగి కువైట్ చేరాడు. పెదనాన్న స్పీకరు పెట్టి అతనితో మాట్లాడాడు.

"కొట్టువాడేమంటాడు? మార్చిస్తాడా?"

"అడిగా బాబాయ్. గేటు దాటినాక మాది కాదంటున్నాడు. ఇండియాలో చూపించుకోండన్నాడు."

"ఇక్కడి కంపెనీవాళ్లు మేం చూసే పని లేదంటున్నారు నాన్నా" అంది అక్క పక్కనుంచి. "ఇక్కడ అమ్మిన దానికే ఇక్కడ వారంటీ."

అటువైపు కోటేశు హలో హలో అంటున్నాడు. చివరికి పెదనాన్న, "మంచి యాపారస్తుడేరా వాడు" అని ఫోన్ పెట్టేశాడు. పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. వద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం మళ్లీ సుభానీ కొట్టు మెట్లెక్కాం. పెదనాన్న క్షమించమని అడిగే రకం కాదు. కుర్చీ లాక్కొని కూర్చుని, "ఆ రోజు మంచినీళ్లిస్తానన్నావంట గదా, ఇప్పియ్యి" అన్నాడు. సుభానీ ఇప్పించాడు. తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఇప్పుడు చెప్పు. ఆ రేటులో ఏమేం ఉన్నయ్యి?" అన్నాడు.

సుభానీ తీరిగ్గా చెప్పాడు. సరుకు ఓడలోనో విమానంలోనో రావాలి. కొనేది డాలర్లలో, సరుకు బయల్దేరాక రూపాయి పడిపోతే ఆ దెబ్బ ఇక్కడ పడుతుంది, కాబట్టి పడకముందే కొంత వేసుకుంటారు. పెద్ద దేశాలవాళ్లు లారీల లెక్కన కొంటారు, మనకి పీసుల లెక్కన వస్తుంది; ఎక్కువ కొనేవాడి మాట కంపెనీ వింటుంది. దిగుమతి చేసుకునేవాడు, డిస్ట్రిబ్యూటరు, ఆ కింద తను, మీద జీఎస్టీ. పెదనాన్న తలూపుతూ విన్నాడు. ఇదంతా ఆయనకి కొత్త కాదు, సున్నం పేరుతో తెలిసినదే.

"ఇంకోటి కూడా ఉంది" అన్నాడు సుభానీ. "ఇది పోతే మీరు నా కాడికొస్తారు. నేను మార్చియ్యాల. అమ్మినవాటిలో కొన్ని పోతయ్, ఏయి పోతయ్యో నాకు తెలవదు. అందుకని మీరు తిరిగొచ్చే ఖర్చు ముందే అందులో వేసుంటది. కువైట్ వాడు ఆ ఖర్చు వేయలా, ఎందుకంటే మీరు తిరిగి పోలేరు."

"తిరిగొచ్చే ఖర్చు" అని పెదనాన్న ఆ మాటని నోట్లో వేసుకున్నట్టు మెల్లగా అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన సున్నం లెక్కల్లోకి ఎన్నడూ రాని ఖర్చు అది.

"సరే, ఇయ్యి" అన్నాడు.

సుభానీ ఇవ్వలేదు. చచ్చిపోయిన కార్డు చూపించమన్నాడు. ఫ్యాను మీద గోటితో గీకి, వేలికి అంటినదాన్ని రుద్ది చూశాడు. "సున్నమా?"

"సున్నమే."

"కొత్తది కూడా ఆ ఇంట్లోనే పెడతారా?"

"మా ఇల్లు గదా మరి."

"అయితే వారంటీ రాదు పెద్దాయనా. దుమ్ముతో పోయినదాన్ని కంపెనీ తీసుకోదు. మీ ఇష్టం."

పెదనాన్న వెనక్కి వాలాడు. కట్టిన డబ్బులో తిరిగొచ్చే ఖర్చు కూడా ఉండి, తిరిగి వచ్చే హక్కు లేకపోవడం ఆయనకి ఎక్కడో కలుక్కుమంది. గేటు లోపల తాను కాల్చిన సున్నమే, గేటు బయట కొనేవాడిగా తనకి అడ్డురావడం ఆయన అనుభవంలో మొదటిసారి.

"మరి యాడ పెట్టమంటావయ్యా?"

సుభానీ పైకప్పు వైపు వేలు చూపించాడు. "పైన గది ఖాళీగానే ఉంది. మా ఆడోళ్లుండేది పక్క వాటాలోనే. పాపకి ఇబ్బంది ఉండదు."

అక్క ఆ సమయంలో సీలింగు ఫ్యానుని చూస్తోంది, ఫ్యానులంటే ఆమెకి అప్పుడే ఆసక్తి కలిగినట్టు. ముందురోజు రాత్రి ఆమె సుభానీకి ఫోన్ చేసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. అడగలేదు. అడిగితే ఇద్దరూ నిజం చెప్పరు, నాకు మంచినీళ్లు ఇస్తారు.

ఇంట్లో గదులుండగా పేటలో గదేమిటన్న మనిషి, కొత్త కార్డు కొని, దాని వారంటీ కోసం ఆ గదికి అడ్వాన్సు ఇచ్చాడు. కూతురు అడిగితే ఇవ్వనిది కంపెనీ అడిగితే ఇచ్చాడని పెద్దమ్మ తరవాత చాలా రోజులు దెప్పింది. అక్క మాత్రం ఏ రకంగానూ దెప్పలేదు, ఆ సాయంత్రమే కంప్యూటర్‌ని ఆటోలో వేయించుకొని వచ్చేసింది. రోజూ నా బస్సులోనే వచ్చి వెళ్లేది, పని మీద పడితే సుభానీ వాళ్లింట్లోనే ఆగిపోయేది. వీడియో ముహూర్తానికి ముందురోజు తయారైంది. మాజీ సర్పంచి మొత్తం చూసి, గదుల గురించి గానీ మెట్ల గురించి గానీ ఒక్క మాట అనలేదు. "సింహాలకి ఇంకొంచెం కోపం పెట్టమ్మా" అన్నాడు. అక్క కోపం పెట్టింది. శంకుస్థాపన రోజు తెర మీద ఆ ఇల్లు చూసిన ఎదుటి వర్గం నాయకుడు భోజనం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. వారం తిరక్కుండా అక్క నంబరు కనుక్కొని, తనకి ఒక అంతస్తు ఎక్కువ, సింహాల స్థానంలో ఏనుగులు కావాలన్నాడు. మా ప్రాంతంలో రాజకీయాల వల్ల బాగుపడ్డవాళ్లు లేరంటారు. ఉన్నారు, మా అక్క. స్కూలు కరస్పాండెంటుకి వేరే టీచరు దొరికింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఆ కొట్టు ఇప్పుడు నాది. సుభానీ గుంటూరులో పెద్ద షోరూం పెట్టుకొని, దీన్ని నాకు అప్పజెప్పాడు. రోజుకి ఒకడైనా వచ్చి ఫోన్ నా మొహం మీద పెడతాడు: "అన్నా, అమెరికాలో ఇంతే చూడు. నువ్వేందన్నా ఇంత చెబుతున్నావు?" ఈ మధ్య మెమరీ రేట్లు మరీ పెరిగాయి. పెద్ద పెద్ద కంపెనీలు తమ ఏఐ మిషన్ల కోసం ఉన్న సరుకంతా ముందే ఎత్తుకుపోతున్నాయి; మిగిలినదాంట్లో చిన్న దేశాల, చిన్న ఊళ్ల వంతు చివర్న వస్తుంది. ఓడ, డాలరు, పీసుల లెక్క, జీఎస్టీ, తిరిగొచ్చే ఖర్చు, అన్నీ సుభానీ చెప్పిన వరసలోనే చెబుతాను. కొంతమంది వింటారు. కొంతమంది దొంగ అన్నంత పని చేసి పోతారు. వాళ్లకి మంచినీళ్లు ఇమ్మంటాను. అప్పుడు మా ఇంట్లో ధర అంటే ఒక మనిషి గొంతు, మజ్జిగ గ్లాసు, గేటు. ఇప్పుడది తెర మీద గంటగంటకీ మారే అంకె, తిట్టుకోవడానికి అవతల మనిషే ఉండడు. అది మెరుగో కాదో నాకు తెలియదు. తిట్లు తినే కుర్చీలో మాత్రం నేనున్నాను.

పెదనాన్నకి టీ తెప్పించాను. చచ్చిన కార్డుకి ఏమీ రాదన్న మాట ఆయనకి ఇంకా మింగుడు పడలేదు. ఈలోపు అక్క మెట్లు దిగి వచ్చింది. పైగది ఇప్పటికీ ఆమెదే, పక్క వాటా కూడా కలిపేసుకుంది. చేతికింద ముగ్గురు అమ్మాయిలు పనిచేస్తారు. ఇళ్ల బొమ్మలు ఇప్పుడు నూజెండ్లకే కాదు, బయటి దేశాలకీ పోతున్నాయి.

"ఏమే, ఏదో గట్టిగా మాట్లాడతన్నావు ఫోన్లో?" అన్నాడు పెదనాన్న.

"దుబాయి వాళ్లు నాన్నా. ఈ పనికి వాళ్ల ఊళ్లో అయ్యేదాంట్లో మూడో వంతు చెప్పా. అది కూడా ఎక్కువంటున్నారు. మీ దేశంలో పని చౌక గదా అంటున్నారు."

పెదనాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. సామాను మనకి ప్రియం, మనిషి పని మనకి చౌక. ఆయన బుర్రలో ఏం కదిలిందో ఆయన కనుబొమల్లో కనపడింది. ఇప్పుడు వాటి మీద సున్నం లేదు, తెలుపు మాత్రం ఉంది.

"అయితే ఈసారి బట్టీ మనమేనన్నమాట" అన్నాడు.

"మనమే."

"మరి గేటు దాటినాక?"

"దాటినాక కూడా నాదే నాన్నా. ఏం మార్చమన్నా మార్చిస్తానని రాసిచ్చా. ఆ ఖర్చు రేటులో వేశా."

"ఎంతేశావు?"

"సుభానీ నీకు వేసినంత."

ఆయన నవ్వాడనే అనుకుంటున్నాను. చెప్పడం కష్టం, అప్పుడే బయట ఉరిమింది. నేను లేచాను. అక్క లేచింది. పెదనాన్న మాకన్నా ముందే లేచాడు. బట్టీ లేదు, లారీ లేదు, కప్పాల్సిన రాశి లేదు. బరకం ముక్క మాత్రం ఆయన చేతిలో ఉంది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, బల్ల మీద నడుస్తున్న నా కంప్యూటర్ కనపడగానే దాని మీద కప్పేశాడు. కప్పి, తాడు కోసం వెతుకుతున్నాడు.

"నాన్నా, తియ్" అంది అక్క. "వారంటీ పోద్ది."